అమ్మ కొలతకు ఒక బండి

టైలర్ మాస్టారి చేతిలో టేపు ఉంటే ఏనుగుకైనా లాగూ కుడతాడని ఆ వీధిలో పేరు. ఆయన గురించి చెప్పుకునే వాటిలో సగం అబద్ధాలు, మిగతా సగం ఆయనే చెప్పినవి. ఒకసారి పక్క సందులో ఎవరో దగ్గారట. ఆ దగ్గు విని, "లావుపాటి మనిషి, ఎడమ భుజం వాలు, పొట్ట కాస్త ముందుకు" అని గొణుక్కుంటూ చొక్కా కత్తిరించి కుట్టి పెట్టాడట. దగ్గినవాడు వారం తర్వాత కొట్టుకు వచ్చి తొడుక్కుంటే బొత్తాం కూడా జరపనక్కర లేకపోయిందట. నమ్మనివాళ్ళు ఆ దగ్గినవాణ్ణి అడగవచ్చు, దొరికితే.

అంతటి మనిషి ఇంటిల్లిపాదీ పట్టే బండి ఒక్కటి కొనలేక చెప్పులరిగేలా తిరుగుతున్నాడు. పట్టిన పంతానికి కారణం ఆయన తల్లి.

ఆవిడకు ఒక్కతే చెల్లెలు. దూరాన కొండల మీద ఉంటుంది. ఆ చెల్లెలికి చూపు మసకబారుతోంది. "వానలు పడ్డాయంటే ఘాట్‌రోడ్డు మూసేస్తారు, మళ్ళీ తెరిచేసరికి నా కళ్ళు ఉంటాయో లేదో, ఈలోపే రా అక్కా" అని ఫోనులో అడిగింది. "నీ ముఖం నాకు గుర్తున్నట్టే ఉందో లేదో ఒక్కసారి సరిచూసుకోవాలే" అని కూడా అంది. ఆ మాట విన్నప్పటినుంచి ముసలావిడ సంచి సర్దుకుని మంచం పక్కన పెట్టుకుంది.

అద్దెకు రెండు కార్లు మాట్లాడుకుని పోవచ్చుగా అంటారేమో. ఒకసారి పోయారు. ముందు కారులో ఆకలి, వెనక కారులో క్యారేజీలు. దారి రెండుగా చీలిన చోట ఆకలి ఎడమకు, క్యారేజీలు కుడికి పోయాయి. కొండల్లో ఫోన్లు పలకలేదు. వీళ్ళు వస్తారని వాళ్ళు, వాళ్ళు వస్తారని వీళ్ళు పొద్దంతా రోడ్డు పక్కన కూర్చుని, చీకటి పడే వేళకు చెల్లెలి గుమ్మం తొక్కకుండానే ఇంటిముఖం పట్టారు. ఆనాడు ముసలావిడ రెండు షరతులు పెట్టింది. "అందరం ఒకే బండిలో వెళ్ళాలి. నేను ఆఖరి వరసలో కూర్చోవాలి. ఒక్కొక్కరూ నా కళ్ళ ముందుండాలి. మళ్ళీ మీలో ఎవర్నీ తప్పిపోనివ్వను."

అదీ సంగతి. మాస్టారు, భార్య, కవల ఆడపిల్లలు, అక్క, బావ, అమ్మ. మూడు వరసల బండి కావాలి. పైగా చిన్న గతుకు తగిలినా అమ్మకు నడుం పట్టేస్తుంది. ఇక్కడ బావ అడ్డం పడ్డాడు. ఆయన జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. పడక్కుర్చీలో కూర్చున్నా కుడికాలు బ్రేకు మీద ఉన్నట్టే ఉంటుంది.

"బావమరిదీ, కొత్త డొక్కుబండి కొనేకంటే పాత లగ్జరీ బండి కొను. రాజుగారింట్లో చాకిరీ చేసి వచ్చిన ఏనుగైనా ఏనుగే కదా. మెత్తగా పరుపు మీద మోసినట్టు మోస్తుంది."

"మేత కూడా ఏనుగు మేతేగా బావా?"

"అది తర్వాత సంగతి. ముందు ఎక్కు."

అలా ఒక ఆదివారం పాత బండ్లు అమ్మే చోటికి ఇల్లంతా కదిలింది, అమ్మ తప్ప. ఎండలో ఆవిణ్ణి తిప్పడమెందుకని మాస్టారే వద్దన్నాడు. ఆవిడ బదులు ఆవిడ కొలత తీసుకువెళ్ళాడు. టేపు మీద ఒకచోట ఎర్రదారం కుట్టాడు. అది అమ్మ తుంటి అడ్డకొలత. ఎన్నో ఏళ్ళుగా ఆవిడ రవికలకూ లంగాలకూ వాడుతున్న అట్టముక్కల కొలతలనుంచి లెక్కగట్టిందే.

బండ్లాయన నల్ల కళ్ళద్దాలు నెత్తికెక్కించుకుని ఎదురొచ్చాడు. వెండిరంగు బండి తలుపు తీసి, పెళ్ళికూతురి ముసుగు తీసినట్టు పక్కకు జరిగాడు.

"డాక్టరుగారి బండి సార్. ఆయన దీన్ని తోలింది తక్కువ, తుడిచింది ఎక్కువ."

"మరి ఆ బూడిదరంగుది?" అన్నాడు బావ.

"అదీ డాక్టరుగారిదే."

"ఈ డాక్టర్లందరూ బండ్లమ్ముకుని నడిచి పోతున్నారా ఏం?"

ఎవరి సీటు వాళ్ళు పట్టుకున్నారు. పిల్లలిద్దరూ సీట్ల వెనకనున్న టీవీ తెరల కోసం జుట్లు పట్టుకున్నారు. కారెక్కితే కడుపులో తిప్పే భార్య ముందు సీటులో కూర్చుని, గాలి ముఖానికి తగిలేలా చూసుకుని, హమ్మయ్య అంది. అక్క నడిమి వరసలో కూర్చుని ఏదో మీట నొక్కింది. సీటు చిన్నగా మూలిగి ఆవిడ వీపు నొక్కసాగింది.

"ఒరే తమ్ముడూ! కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో మీ బావ చెయ్యని పని ఈ సీటు చేస్తోందిరా!"

"అయితే దాంతోనే కాపురం చెయ్యి" అన్నాడు బావ స్టీరింగు నిమురుతూ.

అందరికీ అన్నీ నచ్చాయి. అప్పుడు మాస్టారు నడిమి సీటు ముందుకు మడిచి, దానికీ తలుపు స్తంభానికీ మధ్య ఉన్న సందులో టేపు పెట్టాడు. ఆఖరి వరసలోకి పోవాలంటే ఆ సందే దారి. ఎర్రదారం స్తంభం దాటి బయటికి తొంగి చూసింది.

"పట్టదు" అన్నాడు.

బూడిదరంగు బండి దగ్గరా అంతే. ఎర్రదారం బయటే.

"ఏవండీ, అత్తయ్యగారినే ఒకసారి తీసుకొచ్చి ఎక్కిస్తే తెలిసిపోతుంది కదా?" అంది భార్య.

మాస్టారికి ఒళ్ళు మండింది. "టైలర్ని పెళ్ళి చేసుకుని, మనిషిని తెచ్చి చూద్దామంటావేంటే? బట్ట కత్తిరించేటప్పుడు మనిషిని బల్ల మీద పడుకోబెడతానా? కొలత అంటే కొలతే."

"అడగడం నాదే తప్పు" అని ఆవిడ బండి దిగింది.

అక్కడినుంచి మొదలయ్యాయి మాస్టారి అగచాట్లు. మరొక చోట నల్లబండి దొరికింది. సందు వెడల్పుగా ఉంది, ఎర్రదారం లోపలే నిలిచింది. మాస్టారు దండం పెట్టినంత పని చేశాడు. రేపొచ్చి తీసుకుంటామని చెప్పి, మర్నాడు వెళ్ళి చూస్తే బండి ఒంటెలా మోకాళ్ళ మీద కూలబడి ఉంది.

"దీనికి స్ప్రింగులుండవు, గాలితిత్తులుంటాయి" అన్నాడు బావ బండి కింద తొంగి చూస్తూ. "రాత్రంతా గాలి పోయింది. అవి మార్చేకంటే నలుగురు మనుషుల్ని పెట్టుకుని పల్లకీలో పోవడం నయం."

ఆ తర్వాత తెల్లబండి. లోపల అత్తరు వాసన గుప్పుమంది. బావ ముక్కు ఎగబీల్చి, ఆఖరి వరస సీటుబెల్టు చివరిదాకా లాగాడు. లోపల చుట్టుకుని ఉన్న భాగమంతా ఎండిన బురద.

"వరదలో ఈదిన బండి ఇది. కార్పెట్ ఎత్తితే చేపలుంటాయి, కూర వండుకోండి" అని బండి యజమానికి దండం పెట్టి వచ్చేశాడు.

ఇంకొకచోట ఆఖరి వరస బొమ్మలు కూర్చోడానికి పెట్టినట్టుంది. పిల్లల్లో ఒకతి కూర్చుంటే మోకాళ్ళు చెవుల పక్కకు వచ్చాయి. "నాన్నా, నేను మిడతనయ్యాను" అని అక్కణ్ణుంచే అరిచింది. ఇంకొకదానిలో ఆఖరి వరసకు చల్లగాలి రాదు. మరొకదానిలో అందరూ కూర్చుంటే సామానుకు చోటు లేదు, సామాను పెడితే మనుషులకు లేదు. చూసి చూసి మాస్టారికి కలలో కూడా బండ్లు వరసగా వచ్చి "నన్ను కొలువు, నన్ను కొలువు" అని హారన్లు కొట్టేవి. కొట్టులో చేతులు తప్పుతున్నాయి. ఒకాయన లాగూకు రెండు కాళ్ళూ ఎడమవే కుట్టాడు. ఆయన తొడుక్కుని వెళ్ళి, ఇంటికి పోదామన్నా గుండ్రంగా తిరిగి మళ్ళీ కొట్టు దగ్గరికే వచ్చాడని వీధిలో చెప్పుకున్నారు.

ఇంటికి వస్తే అమ్మ ఒకటే ప్రశ్న. "ఏరా, కుదిరిందా?"

"ఏం కుదురుతుందమ్మా? ఆఖరి వరసే కావాలంటావు. ముందు కూర్చోవచ్చుగా?"

"ముందు కూర్చుంటే మీరెవరూ కనబడరు. ఎదురొచ్చే లారీలు తప్ప."

"మధ్యలో?"

"మధ్యలో కూర్చుంటే వెనక ఎవరు జారిపోయారో నాకెలా తెలుస్తుంది?"

ఆ సాయంత్రం కొండమీదినుంచి ఫోను వచ్చింది. అక్కడ మబ్బులు కమ్ముకుంటున్నాయట. చెల్లెలు గిన్నెలు తడుముకుని సర్దుకుంటోందట. అమ్మ ఫోను పెట్టేసింది. సంచిలో బట్టలు మళ్ళీ తీసి, మడతలు సరిచేసి, మళ్ళీ పెట్టుకుంది. తిట్టినా బాగుండునని మాస్టారికి అనిపించింది.

ఇక కుదరదని అమ్మతో చెప్పేద్దామనుకున్నాడు. ఎలా చెప్పాలో తోచక పెరట్లో అటూ ఇటూ తిరుగుతుంటే, దండెం మీద తిరగేసి ఆరేసిన అమ్మ రవిక ముఖానికి తగిలింది. విసుగ్గా పక్కకు నెట్టబోయి ఆగిపోయాడు. రవిక లోపలి పక్క, తన మిషను కుట్టుకు అవతల, రెండు వేళ్ళ వెడల్పున చేతికుట్టు పడి ఉంది. ఇంకొక రవిక చూశాడు. అందులోనూ అంతే. లంగా నడుముపట్టీ చూశాడు. అక్కడ రెండు సార్లు మడిచి కుట్టి ఉంది.

మాస్టారికి నెత్తురు తలకెక్కింది. రవిక పట్టుకుని లోపలికి దూసుకుపోయాడు.

"అమ్మా! ఎవడీ దర్జీ? కొడుకు కుట్టు నచ్చక వేరేవాడి దగ్గరికి పోతున్నావా? ఇంతకాలం నాకు తెలియకుండా! పైగా వంకరకుట్టు! గుడ్డివాడు చీకట్లో కుట్టినట్టుంది!"

"గుడ్డివాడు కాదురా, గుడ్డిది" అంది అమ్మ. "నేనే కుట్టుకున్నాను. నా కళ్ళకు సూదిలో దారం ఎక్కడమే గొప్ప, ఇంకా వంకర్లు ఎన్నుతున్నావా?"

"నువ్వెందుకు కుట్టుకున్నావు?"

"వదులవుతున్నాయి కనక."

"నా కుట్టు వదులవడమేంటి?"

"నీ కుట్టు కాదు నాయనా. నేనే వదులయ్యాను."

మాస్టారు మెళ్ళోనుంచి టేపు తీశాడు. "నిలబడు" అన్నాడు. అమ్మ శాలువా తీసి నిలబడింది. ఎప్పుడూ శాలువా కప్పుకుని ఉండే మనిషి. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు అందించే మనిషి. పెరట్లో చెట్టు ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు వడలిందో ఇంట్లోవాళ్ళకు ఎక్కడ తెలుస్తుంది? టేపు చుట్టేసరికి పాత కొలతకంటే జానెడు మిగిలి కొస కిందికి వేలాడింది. అడ్డంగా పట్టి చూశాడు. ఎర్రదారం ఎక్కడో ఉంది. అమ్మ ఎక్కడో ఉంది.

"పోయినేడు జ్వరం వచ్చిందే, అప్పట్నుంచీ" అంది అమ్మ. "చెబితే నువ్వు ఊరికే కంగారు పడతావు. అట్టముక్క చూసి అంత ముచ్చటగా కత్తిరిస్తావు, కాదని ఎలా అనను? రెండు టాకాలు వేసుకుంటే పోయేదానికి."

మాస్టారు గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తెలుసు. ఆవిడ చెప్పొద్దన్నారు. అందుకే తీసుకొచ్చి చూద్దామన్నాను. టైలర్ని పెళ్ళి చేసుకున్నానని గుర్తు చేశారు" అందావిడ.

అక్క అక్కడే ఉంది. "ఒరే, అయితే ఆ వీపు నొక్కే బండి..." అని నాలుక కరుచుకుంది.

వెండిరంగు బండి. అందరికీ అన్నీ నచ్చిన బండి. మాస్టారు గోడకేసి తల కొట్టుకోబోయి, గోడకు మేకు ఉండటం చూసి మానుకున్నాడు. టేపు విసిరి మూలకు కొట్టాడు. ఏనుగుకు లాగూ కుట్టేవాడు! దగ్గు విని చొక్కా కుట్టేవాడు! ఇంట్లో తల్లి సగానికి తరిగిపోతుంటే కనబడలేదు.

అమ్మ మంచం మీద కూర్చుని రవిక మడత పెడుతూ అంది: "నన్ను బండిలో పట్టనంత లావుదాన్నని ఎన్ని చోట్ల చాటి వచ్చావురా?"

మర్నాడు మళ్ళీ అందరూ కదిలారు. ఈసారి అమ్మ కూడా, సంచితో సహా. బండ్లాయన కళ్ళద్దాలు నెత్తికెక్కించుకుని ఎదురొచ్చాడు.

"వెండిరంగుదా సార్? మీరు పట్టదని వెళ్ళిన మర్నాడే ఎవరో పట్టుకుపోయారు."

మాస్టారు నేలమీద చతికిలబడలేదు గాని, పడ్డంత పనైంది. బూడిదరంగుది మాత్రం మూలన అలాగే ఉంది. ఇన్నాళ్ళూ పావురాలు దాని మీద కాపురం పెట్టాయి. దాని సీటు వీపు నొక్కదు. దాని తెరల్లో ఒకటి పలకదు. పిల్లలు ముఖాలు వేలాడేశారు. బావ మాత్రం బండి తోలి చూశాడు, కిందకు దూరి చూశాడు, సీటుబెల్టులన్నీ లాగి చూశాడు. ఇంజిను మూతకు చెవి ఆనించి విన్నాడు. "ముసలిదే. కానీ నిక్కచ్చి మనిషి" అన్నాడు.

"రంగు బాలేదమ్మా" అన్నాడు మాస్టారు పళ్ళు కొరుకుతూ. "ఇంకో పది చోట్ల..."

"నేను వెళ్ళేది రంగు చూడ్డానికి కాదు, మా చెల్లిని చూడ్డానికి. సీటు మడువు."

మాస్టారు సీటు మడిచాడు. చెయ్యి అలవాటు కొద్దీ మెళ్ళోకి పోయింది. టేపు లేదు. అల్లుడుగారి చెయ్యి పట్టుకుని, పైనున్న పిడి అందుకుని, ముసలావిడ ఆ సందులోకి అడుగు పెట్టింది. శాలువా కూడా స్తంభానికి తగల్లేదు. వెళ్ళి ఆఖరి వరసలో కిటికీ పక్కన కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎక్కండి అందరూ" అంది.

కోడలు ముందు ఎక్కింది. అల్లుడు స్టీరింగు ముందు కూర్చున్నాడు. అక్క మధ్యలో కూర్చుని, వీపు ఎవరూ నొక్కనందుకు నిట్టూర్చింది. పిల్లల్లో ఒకతి అక్క పక్కన, ఒకతి నానమ్మ పక్కన. మాస్టారు గొణుక్కుంటూ నడిమి వరసలో మిగిలిన సీటులో కూలబడ్డాడు. వెండిరంగుది అయ్యుంటే, అనుకున్నాడు. ఆ రోజే అయ్యుంటే.

వెనకనుంచి ఒక వేలు ఆయన నడినెత్తి మీద పొడిచింది.

"ఒరే, ఇక్కడ జుట్టంతా ఎప్పుడు పోయిందిరా నీకు?" అంది అమ్మ. "రోజూ చూస్తున్నాను, చూడనేలేదు."

మాస్టారు నెత్తి తడుముకున్నాడు.

బండ్లాయన కిటికీ దగ్గరకు వచ్చాడు. "అమ్మగారూ, కాస్త దిగి ఆఫీసులో కూర్చోండి. కాగితాల పని పూర్తయ్యేసరికి ఆలస్యమవుతుంది."

"కానియ్యి నాయనా. అయ్యేదాకా ఇక్కడే కూర్చుంటాను" అంది ముసలావిడ సంచి గట్టిగా పట్టుకుని. "దిగితే మళ్ళీ వీడు కొలుస్తాడు."