అరవై నాలుగు అక్షరాలు

"మరదలా, ఎనిమిదో గదికి నీ తెర ఎంతంటోంది?"

ఫోన్లో బావ గొంతు తేడాగా ఉంది. ఆయన అక్క మొగుడు. కింద మందుల గిడ్డంగిలో చల్లగదులు చూసుకుంటాడు. ఆ గదుల వేడి ఎంతో పై అంతస్తులో తెరమీద చూపించే ప్రోగ్రాం రాసింది ఆమె.

"ఒక డిగ్రీ బావా. చక్కగా ఉంది."

"చక్కగా ఉంటే మోటారు చప్పుడేదమ్మా? తలుపు అంచు రోజూ చెయ్యి లాగేసేంత చల్లగా ఉండేది. ఇవాళ మామూలు గోడలాగుంది."

"తీసి చూడండి మరి."

"గంట మోగితేనే తియ్యాలట, మోగకుండా తీశానని మొన్నేగా మెమో ఇచ్చారు! మళ్లీ తీస్తే ఇంటికే. రోజంతా ఇంట్లో ఉంటే మీ అక్క నన్ను బతకనిస్తుందా?"

ఆమెకు నవ్వు రాలేదు. ఆ గదిలో ఉన్నవి పసిపిల్లల టీకాలు. ఎనిమిది డిగ్రీలు దాటితే ఆమె ప్రోగ్రామే గంట మోగించాలి. మోగలేదు.

"లైన్లోనే ఉండండి," అంటూ కోడ్ తెరిచింది. గిడ్డంగిలోని యంత్రం అన్ని గదుల అంకెలూ ఒకే వరుసగా సాకెట్ అనే నెట్‌వర్క్ గొట్టంలోకి పంపుతుంది. ఇక్కడ ఆమె ప్రోగ్రాం అరవై నాలుగు అక్షరాలే పట్టే గిన్నెలాంటి బఫర్‌లోకి ఒక్కసారి అందుకుని, అదే మొత్తం వరుస అనుకుంటుంది. గొట్టంలో చెంబులతో పోసినా అవతల చెంబులుగా రావు, ధారగానే వస్తాయి. ఎంత దొరికితే అంత పట్టి, వరుస చివరి గుర్తు వచ్చేదాకా మళ్లీ పడుతూనే ఉండాలి. పరీక్షలో ఈ ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకున్న మనిషే, పనిలోకొచ్చాక ఒక్క పట్టుతో సరిపెట్టింది.

వచ్చింది వచ్చినట్టు తెరమీదకు తెప్పించింది. మొదటి ముక్క చివర "8:1", అంటే ఎనిమిదో గది, ఒక డిగ్రీ. తరువాతి ముక్కలో ఒంటరిగా "2".

రెండూ కలిపి చదివింది. పన్నెండు.

ఎనిమిదో గది పోయిన వారమే చేరింది, వరుస పొడుగైంది. నిన్నటిదాకా ఆ గదిది ఒక్క అంకే కాబట్టి బఫర్ అంచుకు సరిగ్గా పట్టింది. ఇవాళ రెండో అంకె అవతల పడింది. అలాంటి తునకలు వస్తే పారెయ్యమని రాసిందీ ఆమే.

"బావా, తలుపు తీసెయ్యండి! లోపల పన్నెండు. పెట్టెలన్నీ ఏడో గదిలోకి."

"గంట మోగలేదే?"

"మోగదు. దాని నోరు నేనే నొక్కేశాను. ఎవరడిగినా నా పేరు చెప్పండి."

చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. అప్పటికే మేనేజర్ అక్కడ నిలబడి ఉన్నాడు. బావ ఒక్కో పెట్టె ఎత్తి, మూత కింది థర్మామీటరు ముల్లు చూసి, అంకె పైకి చదువుతున్నాడు.

"ఆరున్నర. ఏడు. ఏడే."

తలుపు దగ్గరి వరుసకొచ్చాడు. "తొమ్మిది." ఆ పెట్టెను గోడవారకు జరిపాడు. దాని పక్కదీ తొమ్మిదే.

"గంట మోగకుండా తలుపెవరు తీశారు?" అన్నాడు మేనేజర్.

బావ ఏదో చెప్పబోయాడు. ఆమె ముందుకొచ్చింది.

"నేనే తీయించాను సార్. మోగకపోవడమూ నా తప్పే. ఆ రెండు పెట్టెలూ నా ఖాతాలో రాయండి."

మేనేజర్ ఆమె వంక చూడలేదు. తరువాతి పెట్టె వంకే చూస్తున్నాడు. బావ దాన్ని వెలుతురుకు తిప్పి కళ్లు చికిలించాడు.

"ఎనిమిది... కాస్త అటు... కాదు కాదు, ఇటే. ఇటే ఉంది."