మూలుగ బొక్క

ఆదివారం మటన్ కూర దించగానే యాదమ్మ చేతిలోని గంటె ముందుగా మూలుగ బొక్క కోసం, లోపల గుజ్జు నిండిన ఎముక కోసం వెతుకుతుంది. ఇరవై ఏళ్ల అలవాటు. దొరికింది దొరికినట్టు కొడుకు మహేశ్ పళ్లెంలో పడుతుంది. "మొగపోరడు, బొక్కలు గట్టివడాలె" అనేది అత్త చంద్రమ్మ. చిన్నప్పుడు ఒకసారి కూతురు రోహిణి చెయ్యి చాపితే, "నీకెందుకే, ఇంకో ఇంటికి పొయ్యేదానివి" అని నవ్వింది. యాదమ్మ కూడా నవ్వింది.

రోహిణికి ఇరవై ఆరేళ్లు. రక్తం క్యాన్సర్. నెల నుంచి దవాఖానలో ఉంది. వేరేవాళ్ల మూలుగలో పుట్టే మూలకణాలు ఎక్కించాలన్నారు. పూర్తిగా కలిసేవాళ్లు దొరకలేదు, ఇంట్లోవాళ్లవి సగం కలిసినా చాలన్నారు. ఎవరూ అడగకముందే "నావి తీసుకోండి మేడమ్" అంది యాదమ్మ. హైటెక్ సిటీలో కంపెనీ క్యాంటీన్‌కు పొద్దంతా ఉల్లిగడ్డలు కోసి, హఫీజ్‌పేటకొచ్చి మళ్లీ ఇంటికి కోసే మనిషి. ఒళ్లు కాలిపోతున్నా "అమ్మకేంది, అమ్మ చేస్తది" అనేవాళ్లే అందరూ. ఇదీ ఆ పనుల్లో ఒకటనుకుని భర్త ఐలయ్య ఊపిరి పీల్చుకున్నాడు.

అందరి రక్తం పరీక్షించాక, శుక్రవారం డాక్టరమ్మ యాదమ్మను కూర్చోబెట్టి చెప్పింది. ఇన్నాళ్లుగా రక్తం ఎక్కించుకోవడం వల్ల రోహిణి ఒంట్లో ఒక విరోధం పుట్టిందట. తల్లి కణాలు లోపలికి వెళితే అది శత్రువని తరిమేస్తుందట. ఐలయ్యకు షుగరు, గుండెలో స్టెంటు. మహేశ్ వయసులో ఉన్నాడు, సగం కలిశాడు, విరోధం లేదు. "అతనే మంచి దాత. కాని ఇష్టం అతనిది. సోమవారం చెప్పండి."

నా పాలు తాగిన పిల్లకు నేనే పగదాన్నయితినా అని రెండు రోజులు లోలోపల కుమిలింది యాదమ్మ.

"నువ్వే ఇస్తనని చెప్పు," అన్నాడు ఐలయ్య ఆదివారం అన్నం కలుపుతూ. "మహేశ్‌కు ఫుర్సత్ లేదను."

"నావి పనికి రావన్నరు గద."

"గట్టిగడిగితె తీసుకుంటరు. తల్లివి గాదా?"

చంద్రమ్మ అందుకుంది. "పెండ్లి గావాల్సిన పోరని మూలుగ గుంజుతరా? నడుము వోతె పిల్లనెవ్వడిస్తడు?"

"నడుముకు సూది వెట్టరత్తమ్మా. నాలుగైదు రోజులు సూదులిచ్చి, చేతికెల్లి రక్తం దీసి, మిషిన్ల కణాలు వడగట్టుకొని, మిగిలిన రక్తం మళ్ల వానికే ఎక్కిస్తరు. మూడుసార్లడిగిన."

నిజానికి నాలుగుసార్లు అడిగింది. సూది గుచ్చినచోట చీము పడితే అని, వాడికి కళ్లు తిరిగితే అని. ఇద్దరూ ఆమె కడుపున పుట్టినవాళ్లే. డాక్టరమ్మ నవ్వలేదు. కొన్నాళ్లు ఒళ్లు నొప్పులుంటాయని, మిగతా ప్రమాదాలు చాలా అరుదని ఓపిగ్గా చెప్పింది.

"గవన్నీ ఎందుకు? వాడు ఊర్ల లేడని చెప్పు," అన్నాడు ఐలయ్య.

"నేను జెప్ప."

ఆ ఇంట్లో ఆమె నోట ఆ మాట కొత్త. చంద్రమ్మ నోట్లో ముద్ద ఆగింది. యాదమ్మ గంటెకు మూలుగ బొక్క తగిలింది. పైకి తీసింది గాని, ఎవరి పళ్లెంలోనూ వెయ్యకుండా మహేశ్ వైపు తిరిగింది.

"నిన్నెవ్వరడగలే గద బిడ్డా. నేనడుగుతున్న. ఇస్తవా?"

మహేశ్ తల వంచుకున్నాడు. "అమ్మ ఇస్తది గద అనుకున్న."

"అమ్మది చెల్లలే. ఇరవయ్యేండ్ల సంది ఇంట్ల మూలుగంత నీ పళ్లెంలనే ఏసిన. నీ అక్క చెయ్యి చాపితె నవ్విన. తప్పు నాది. నీకిష్టం లేకుంటె లేదను, గా మాట నేనే వోయి డాక్టరమ్మకు జెప్త. అబద్ధం మాత్రం జెప్ప."

గంటె నుంచి పులుసు కారి ఆమె మణికట్టు దాకా వచ్చింది. తుడుచుకోలేదు.

"రేపు ఎన్ని గంటలకు పోవాలె?" అన్నాడు మహేశ్.

యాదమ్మ బొక్కను వాడి పళ్లెంలో వేసింది.

"తిను. ఇది మీ అక్కది."