జంగు పట్టిన మడ్‌గార్డు

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం చల్లారిన మరుసటేడు మా లారీ ముందు మడ్‌గార్డుకు అరచెయ్యంత చిల్లు పడింది. పెద్దవంగర వడ్లు మానుకోట మిల్లుకు తోలడమే మా బతుకు. ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకుపోతే, కోస్తా నుంచి వచ్చిన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చిల్లులో వేలు పెట్టి ఇదేమిటన్నాడు.

"జర జంగు పట్టింది సార్, గంతే," అన్నాడు మా ఆయన సోమనర్సయ్య.

"జంగా? ఎవరి మీదయ్యా యుద్ధం?" అని పగలబడి నవ్వాడు ఇన్‌స్పెక్టర్. "తుప్పు అనడం కూడా రానివాళ్ళు లారీలు నడుపుతారు."

వారంలో బాగుచేయించకపోతే బండి రోడ్డెక్కకూడదని కాగితం రాసిచ్చాడు. బండి ఆగితే మిల్లువాళ్ళు ఇంకో లారీ చూసుకుంటారు.

"కొత్తది కొననీకి మనతోని కాదు, భూలక్ష్మీ. బండి అమ్ముదాం," అన్నాడు మా ఆయన ఇంటికొచ్చి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అమ్మితే ఆయన నవ్వు మన ఇంట్లనే ఉంటది. నువ్వు జాకీ పట్టుకరా," అన్నాను.

స్టేషను దగ్గర బకెట్లకు అడుగులు వేసే వీరస్వామిని పిలిచాను. అతను సుత్తితో మడ్‌గార్డంతా కొట్టుకుంటూ పోయాడు. ఖంగుమన్న చోట ఇనుము గట్టిది. చప్పగా మోగిన చోట లోపల జంగు తినేసింది. ఆ హద్దు వెంట సుద్దతో గీత గీశాడు. చిల్లు అరచెయ్యంతే, గీత మాత్రం అన్నం పళ్ళెమంత వచ్చింది.

"గీతకాడికి కొయ్యాలె అక్కా. మెత్తటి దాని మీద అతుకేస్తె మూడు దినాలల్ల ఊడిపడ్తది."

అంత కొయ్యడానికి మా ఆయనకు చేతులాడలేదు. నేనే ఉలి పెట్టి కొట్టాను. పాత తారు డ్రమ్ము రేకు కోసి, వంపు తిప్పి, రివిట్లు దిగ్గొట్టాం. వేళ్ళు చిట్లేదాకా లోపలంతా ఇనుప బ్రష్షుతో గీకాను. కింద తారు పూసి, పైన ఎర్ర రంగు వేశాం.

గడువు రోజున ఇన్‌స్పెక్టర్ అతుకు మీద సుత్తితో కొట్టాడు. ఖంగుమంది. పక్కన కొట్టాడు, అక్కడా ఖంగుమంది.

"లోపల తుప్పంతా తీశారా?" అని మా ఆయనను అడిగాడు.

మా ఆయన నోరు తెరిచేలోపే నేను ముందుకు జరిగాను. "తుప్పంటే ఏంది సార్?"

మా ఆయన వెనక నుంచి నా కొంగు లాగాడు. సంతకం పెట్టకపోతే మా బండి ఇక కదలదు. అది తెలియక కాదు నేనడిగింది.

"తుప్పమ్మా. ఇనుముకు పట్టేది."

"గా మాట మాకు రాదు కద సార్. మీరే అన్నరు."

వరుసలో ఉన్న డ్రైవర్లు బీడీలు ఆపి చూస్తున్నారు. ఇన్‌స్పెక్టర్ మళ్ళీ మడ్‌గార్డు కింద వెతికాడు. రాయడానికి ఒక్క వంక దొరకలేదు.

"జంగు," అన్నాడు గొణుగుతూ. "జంగు తీశారా?"

"ఇనవడలె సార్."

"జంగు."

"మొత్తం తీసినం," అన్నాను. "సంతకం పెట్టుండ్రి."