పరుపుల పెట్టెలోని ఘర్‌చోళా

కంకు మనుషుల్ని మాటల్ని బట్టి కాక వాళ్ళు వదిలించుకునే పాత బట్టల్ని బట్టి అంచనా కట్టేది. కాలరు అరిగి దారాలు లేచేదాకా చొక్కా తొడిగే ఇల్లు ఒకటి, బొత్తాం ఊడగానే మూలకి విసిరేసే ఇల్లు ఇంకొకటి. మొదటి ఇంట్లో బేరం పొడుగు, సరుకు తక్కువ. రెండో ఇంట్లో సరుకు ఎక్కువే గానీ, వాళ్ళు ఎప్పుడు ఇల్లు మారిపోతారో తెలియదు. ముప్పై ఏళ్లుగా ఆమె నెత్తిన స్టీలు గిన్నెల గంప, భుజాన బట్టల మూటతో అహ్మదాబాదు పాత ఊరి పోళ్ సందుల్లో, ఒకే గేటు వెనక ఆనుకుని ఉండే ఇళ్ళ వాడల్లో, తిరుగుతోంది. గిన్నె ఇచ్చి పాత బట్టలు తీసుకుంటుంది.

తెచ్చిన బట్టల్లో బాగున్నవి ఉతికి, ఇస్త్రీ చేసి పాతబట్టల సంతకు పంపుతుంది. నూలువి చింపితే యంత్రాలు తుడుచుకోవడానికి కార్ఖానాలవాళ్ళు తీసుకుంటారు. ఈ రెండింటికీ పనికిరానివి కంకు దగ్గరే మిగిలిపోతాయి. చిరిగిన చీరల అంచులు, కొంగులు, రవికల చేతులు, నల్లబడ్డ జరీ ముక్కలు. వాటిని ఆమె ఆడబడుచు రామి కుట్టుమిషను మీద గుమ్మం తోరణాలుగా, ఉయ్యాల బల్ల మీద వేసే పరుపులుగా, గోడకు వేలాడదీసే అలంకారాలుగా మారుస్తుంది. ఎవరూ వద్దన్న సరుకులోనే ఎక్కువ మిగులుందని కంకు పదేళ్ల కిందట కనిపెట్టింది. అప్పట్నించీ మూటలో అట్టడుగున ఏముందో ముందు చూస్తుంది.

ఆమెకి ఒక కట్టుబాటు ఉంది. మూటలో పెళ్ళిచీర కనబడితే, బేరం ముగిసేలోపు, "ఇంట్లో బా ఉన్నారా?" అని అడుగుతుంది. బా అంటే ఇంటి పెద్దావిడ, అత్తగారు. ఆవిడకి తెలియకుండా పెళ్ళిచీర బయటికి పోతే ఆ పోళ్‌లో తలుపులు ఒక్కటొక్కటిగా మూసుకుంటాయి. అలా రెండు పోళ్‌లు పోగొట్టుకున్నాక నేర్చుకున్న మాట అది.

ఆ మంగళవారం ఫాల్గుని ఇంటి మెట్ల మీద మాత్రం ఆ మాట అడగలేదు.

"ఇంత మూటకి ఈ డబ్బానా? మూత చూడు మాసీ, చిన్నపిల్లల లక్కపిడతలా ఉంది," అంది ఫాల్గుని. పెళ్ళై ఏడాదిన్నర. కడుపు కొంచెం కొంచెంగా తెలుస్తోంది.

"మూటలో ఏముంది బిడ్డా? మీ ఆయన ప్యాంట్లకి మోకాళ్ళు లేవు. దుప్పటికి నడిమధ్య లేదు. లేనివాటికి ఉన్న డబ్బా ఇస్తున్నా, ఇంకేం కావాలి?"

ఫాల్గుని నవ్వి లోపలికెళ్ళి, పరుపుల పెట్టెలోంచి వేపాకు రాలుతున్న ఒక ఎర్ర గుడ్డ తెచ్చి మూట మీద పడేసింది. "ఇదీ తీసుకో. ఆ పెద్ద డబ్బా ఇవ్వు, పిండి పోసుకుంటా."

కంకు గుడ్డని వెలుతురుకి పట్టి చూసింది. పాత ఘర్‌చోళా, పెళ్ళినాడు అత్త కోడలికి కప్పే ఎర్రపట్టు. జరీ గీతలతో యాభై రెండు గళ్ళు, గడికొక ఏనుగో నెమలో తామరపువ్వో. పట్టు మడతల దగ్గర చిట్లిపోయింది, జరీ నల్లబడింది. చీరగా కట్టుకోవడానికి అది ఎప్పుడో చచ్చిపోయింది. గళ్ళు గళ్ళుగా కోస్తే మాత్రం, ఇలాంటి సరుకు కంకు చేతికి వచ్చి నాలుగేళ్లయింది.

ఫాల్గుని అత్తగారు చంచళ్‌బా సూరత్‌లో కూతురి పురిటికి వెళ్ళిందని కంకుకి తెలుసు. అడిగితే ఈ పిల్ల 'ఆగు, ఫోన్ చేసి కనుక్కుంటా' అంటుందనీ తెలుసు. ఆమె పెద్ద డబ్బా తీసి గడప మీద పెట్టి, మూట ముడేసి, మెట్లు దిగేసింది.

మూడు వారాల తరవాత, ఎండ నడినెత్తిన ఉండగా, ఫాల్గుని ఆ డబ్బాని ఒళ్ళో పట్టుకుని కంకు ఉండే వాడకి వచ్చింది. రొప్పుతూ గుమ్మంలోనే కూలబడింది. రామి మిషను ఆపి నీళ్ళిచ్చింది.

"డబ్బా తీసుకో మాసీ. ఆ ఎర్రగుడ్డ ఇచ్చెయ్యి."

"గడప దాటిన సరుకు తిరిగివ్వడం మా బేరంలో లేదు. ఏం జరిగిందో చెప్పు ముందు."

ఫాల్గుని చెప్పింది. పొద్దున అత్తగారు ఫోన్ చేసింది. ఆదివారం వస్తున్నానంది. వచ్చే నెల సీమంతం, పరుపుల పెట్టెలో ఉన్న ఘర్‌చోళాని నీడలో ఆరెయ్యమంది. చంచళ్‌బా అత్తగారు అది కప్పుకునే ఒడి నింపించుకుంది, చంచళ్‌బా కూడా. ఇప్పుడు ఫాల్గుని వంతు.

"నాకు కప్పినది కొత్తది మాసీ. ఇదీ ఘర్‌చోళానే అని నాకెలా తెలుస్తుంది? పరుపులకి చుట్టే పాతగుడ్డ అనుకున్నాను." ఆమె డబ్బాని కింద పెట్టేసింది. "మూడు తరాల ఒడి నేను పిండిడబ్బాకి అమ్మేశానంటే, ఇంక ఆ ఇంట్లో నా మాట ఎవరు వింటారు? పుట్టబోయేదాన్ని చూసినప్పుడల్లా ఆవిడకి అదే గుర్తొస్తుంది."

కంకు మూలనున్న రేకుపెట్టె తెరిచి చూపించింది. ఎర్రగళ్ళు జరీ గీతల వెంట శుభ్రంగా కోసి, తమలపాకుల కట్టలా పేర్చి ఉన్నాయి. పన్నెండు గళ్ళతో రెండు తోరణాలు అప్పటికే అయ్యాయి, అమ్ముడూ పోయాయి. పెట్టెలో మిగిలినవి నలభై.

ఫాల్గుని పెట్టె మీదికి వంగి గళ్ళని చూసింది. తరవాత కొంగుతో ముఖం తుడుచుకుని, "సంతలో ఇలాంటి పాతది ఇంకోటి దొరుకుతుందా?" అంది.

"దొరుకుతుంది."

"కొనిపెట్టు. గాజులమ్మి డబ్బిస్తా. మళ్ళీ అక్కడే చుట్టి పెట్టేస్తా."

ఇందులో కంకుకి రెండు వైపులా లాభమే. సంతలో కొన్నందుకు ఒకటి, ఈ నలభై గళ్ళు తనకే మిగిలినందుకు ఇంకొకటి. పైగా ఈ పిల్ల జన్మలో నోరు విప్పదు. రామి ఆశగా వదిన ముఖంలోకి చూసింది. కంకు ఒక గడి తీసి వేళ్ళ మధ్య నలుపుతూ కూర్చుంది. ఎవరో ఈ గుడ్డని ఏడాదికొకసారి విప్పి, చిట్లినచోట మడత పడకుండా జాగ్రత్తగా వేరే చోట మడిచారు. వేపాకు మార్చారు. అలా మడిచిన చెయ్యి చీకట్లో ముట్టుకున్నా తేడా పసిగడుతుంది.

"ఆవిడ కన్ను మోసపోయినా చెయ్యి మోసపోదు," అంది కంకు. "అప్పుడు నువ్వు తెలియక చీర అమ్మినదానివి కాదు, తెలిసి దొంగచీర పెట్టినదానివి అవుతావు. సరుకులో లోపం మనమే ముందు చూపిస్తే ఎదుటివాళ్ళు ధర దగ్గర కొట్లాడతారు. దాచి దొరికిపోతే మన పుట్టుక దగ్గర కొట్లాడతారు. పెట్టె తెరవకముందే చెప్పెయ్యి."

"నేను చెప్పలేను."

"నేనూ వస్తా."

"నువ్వెందుకు?" అంది రామి, ఫాల్గుని కన్నా ముందు. "కొరివి తెచ్చి మన కొంగుకి అంటించుకోవడం కాకపోతే. నలభై ఇళ్ళ పోళ్ అది."

"నలభై ఇళ్ళ పోళ్ కాబట్టే," అంది కంకు. అది సగం నిజం. మిగతా సగం ఆమె రామికి చెప్పలేదు. "డబ్బా తీసుకుపో బిడ్డా. పిండి పోసుకో. దాని బేరం అయిపోయింది."

నాలుగు రోజులు రామి మిషను మీద వేరే పని పెట్టలేదు. నలభై గళ్ళనీ మెత్తని ఎర్ర నూలుచీర మీద పరిచి, అంచులు చేత్తో కుట్టింది. పూర్తయ్యాక అది ఇద్దరు మనుషులు చేతులు చాపితే సరిపోయే గుడ్డ. పన్నెండు గళ్ళ చోటు ఒక పక్కన ఖాళీగానే ఉంచమంది కంకు. అక్కడ వేరే ముక్క వెయ్యనివ్వలేదు.

సోమవారం పొద్దున చంచళ్‌బా ఉయ్యాల బల్ల మీద కూర్చుని, కాలితో నేలని మెల్లగా తోస్తూ బియ్యం ఏరుతోంది. సన్నటి మనిషి, చూపు పదును. ఫాల్గుని చెప్పడం మొదలుపెట్టి, సగంలో ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, మొత్తానికి చెప్పేసింది. కంకు గడప బయట నిలబడి వింది. అత్తగారు కేకలేస్తే చెప్పడానికి ఒక మాట అట్టే పెట్టుకుంది.

ముసలామె కేకలెయ్యలేదు.

"ఎంతకి?" అంది.

"డబ్బాకి బా."

"ఏ డబ్బా?"

"పిండిది."

"ఈ పొద్దున నేను తిన్న రొట్టెలు ఆ పిండివేనా?"

"అవును బా."

"అయితే మా అత్తగారి చీర తిన్నానన్నమాట." బియ్యం చేట పక్కన పెట్టింది. "ఏమే కంకూ, ముప్పై ఏళ్ల నుంచి మా మెట్లెక్కుతున్నావు. బా ఉన్నారా అని ప్రతి గుమ్మంలో అరుస్తావు. ఆ రోజు నోరు పడిపోయిందా?"

"పడిపోలేదు బా. మూసుకున్నా. పట్టు చూసి ఆశపడ్డా. అడిగితే బేరం పోతుందని అడగలేదు." కంకు తెచ్చిన గుడ్డని గడప మీంచి లోపలికి చాపింది. "పిల్ల తప్పు తెలియక చేసింది. నాది తెలిసి చేసింది."

చంచళ్‌బా గుడ్డ ఒళ్ళో పరుచుకుని ఒక్కొక్క గడి మీదా వేలు పెట్టి లెక్కపెట్టింది. నలభై దగ్గర వేలు ఆగింది. ఖాళీగా ఉన్న ఎర్రనూలు మీద అరచెయ్యి వేసి, "పన్నెండు ఎక్కడ?" అంది.

"ఆరు ముంబాయి షాపువాడు పట్టుకుపోయాడు. ఆరు..." కంకు ఆగింది. అట్టే పెట్టుకున్న మాట ఇదే. ముసలామె మీద విసరడానికి దాచుకున్నది ఇప్పుడు మెల్లగా చెప్పాల్సి వచ్చింది. "ఆరు వినుబెన్ గుమ్మం మీద ఉన్నాయి బా."

ఉయ్యాల ఆగిపోయింది.

పక్కింటి వినుబెన్‌కీ చంచళ్‌బాకీ నీళ్ళ కుళాయి దగ్గర మాటా మాటా వచ్చి నాలుగేళ్లు. అప్పట్నించీ ఇద్దరూ ఒకే గోడకి చెరో పక్కన ఉంటూ పలకరించుకోరు.

"నిన్న రిక్షా దిగి ఆ గుమ్మం ముందు ఆగాను," అంది చంచళ్‌బా, ఎవరితోనూ కాకుండా. "తోరణం చూశాను. ఆ వినూకి మంచి వస్తువు చూసే కన్ను లేదే, ఎవరు కొనిపెట్టారో అనుకున్నాను. యాభై ఏళ్లు పెట్టెలో పెట్టి మడిచాను. కళ్ళెదురుగా వేలాడుతుంటే గుర్తుపట్టలేదు."

ఫాల్గుని నేల మీద కూర్చుండిపోయింది. "నేను అడిగి తెచ్చేస్తా బా. వినుమాసీ కాళ్ళు పట్టుకుంటా."

"ఆవిడ డబ్బిచ్చి కొనుక్కుంది. కాళ్ళు పట్టుకుంటే వస్తువు ఇస్తుందేమో గానీ, పోళ్ అంతా టముకు వేసి ఇస్తుంది." చంచళ్‌బా గుడ్డ అంచు తిప్పి కుట్టు చూసింది. "ఇది నా మెడ మీద కప్పినప్పుడు జరీ గీరుకుని రక్తం వచ్చింది, తెలుసా? ఎప్పుడు తీస్తారా అని ఏడుస్తూ కూర్చున్నా. మా అత్తగారు ఆశీర్వాదానికి ఆనందబాష్పాలనుకుంది. దీని వెనక నూలు ఎవరు వేశారు?"

"మా రామి, బా."

"ఇప్పుడు గీరుకోదు." కాసేపు కోడలి కడుపు వంక చూసింది. "ఒడి దీంట్లోనే నింపుదాం. నలభై చాలు. లే, కింద కూర్చోకు, చలి చేస్తుంది. ఇలా వచ్చి కూర్చో."

అత్తగారి ఎదుట కోడలు ఉయ్యాల బల్ల మీద కూర్చోవడం ఆ ఇంట్లో లేదు. ఫాల్గుని లేచి అంచున, సగం గాల్లో, కూర్చుంది.

"కూలి ఎంత కంకూ?"

"వద్దు బా."

"ఊరికే వచ్చిన కుట్టు సీమంతానికి పనికిరాదు. లోపలికి రా. అదే డబ్బాలో పిండితో కోడలు రొట్టెలు చేస్తుంది, తిని పో. మిగతాది తరవాత చూద్దాం."

ముప్పై ఏళ్లలో కంకు ఆ గడప లోపల కూర్చోవడం అదే మొదటిసారి. రొట్టె తింటూ ఆమె ఈ బేరం ఎటు తేలిందో లెక్క వేసుకుంది. నాలుగు రోజుల రామి పని పోయింది, తోరణాలు ఆరేడు అయ్యే సరుకు పోయింది. నష్టమే. అయినా తినడం అయ్యేవరకు ఆ లెక్క ఇంకోసారి వెయ్యలేదు.

చేతులు కడుక్కుని బయటికి వచ్చేసరికి చంచళ్‌బా అప్పటికే మెట్లు దిగుతోంది. సీమంతం నాడు కోడలు ఇరుగుపొరుగు ఇంటి గుమ్మం నుంచి బయల్దేరి, అడుగుకొక వక్క, ఒక రూపాయి బిళ్ళ తొక్కుతూ తన ఇంట్లోకి రావాలి. అది సందు మొదట్లో ఉన్న బంధువుల ఇంటి నుంచి అని చంచళ్‌బా ఎప్పుడో ఖాయం చేసి ఉంచింది. ఇప్పుడు ఆమె అటు వెళ్ళలేదు. వినుబెన్ గుమ్మం ముందు నిలబడింది, తోరణం కిందకి రాకుండా ఒక అడుగు దూరంలో.

"వినూ."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. వినుబెన్ తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడి, కిందినుంచి పైదాకా చూసింది. "నాలుగేళ్లకి నా పేరు గుర్తొచ్చిందా?"

"పని పడి గుర్తొచ్చింది. కోడలి అడుగులు మీ గుమ్మం నుంచి మొదలుపెట్టాలని వచ్చాను."

వినుబెన్ తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. కంకు గంప నెత్తికెత్తుకుంటూ మెట్ల మలుపులో ఆగిపోయింది.

"సందు మొదట ఇంట్లో అనుకున్నారని విన్నాను," అంది వినుబెన్, మెత్తగానే.

"అనుకున్నాం. మార్చాం."

"మరి ఈ తోరణం తియ్యమంటావా? పిల్ల నెత్తిన కొబ్బరికాయ, పూలు ఉంటాయి కదా, తగులుతుందేమో."

"వద్దు. అది ఉండాలనే వచ్చాను." చంచళ్‌బా ఒక అడుగు ముందుకి వేసి తలెత్తి ఆ ఆరు గళ్ళనీ చూసింది. ఆఖరి గడిలో ఏనుగు తొండం దగ్గర చిట్లిన చోటు ఆమెకి ఇప్పుడు కనబడింది. "ఎందుకో చెప్తాను. టీ పెట్టు, కాస్త ఎక్కువసేపే పడుతుంది."