బొండానికి పథ్యమేటి!

నీలకంఠం రెండేళ్లలో బీడీ మానాడు, ఉప్పుచేప మానాడు, తోటపని రోజుల్లో మింగే ఒళ్లునొప్పుల మాత్ర మానాడు. ఇన్ని మానినా కిడ్నీ జబ్బు మాత్రం మానలేదు. పైగా ఈసారి పలాస ఆసుపత్రిలో రక్తం తీస్తే పొటాషియం ఆరు దాటింది.

"ఇది పెరిగితే గుండెకే ముప్పు. మందు మార్చాను. సోమవారం మళ్లీ చూద్దాం. దిగకపోతే డయాలసిస్సే," అన్నాడు డాక్టరు.

శుక్రవారం మందస దగ్గర వాళ్ల ఊరికి నర్సు రోజా వచ్చింది, ఇంట్లో ఏం తింటున్నారో కనుక్కుందామని. నీలకంఠం భార్య బొడ్డమ్మ గొంతు పెంచింది.

"మీరు సెప్పినట్టే కూరముక్కలు ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి మరీ వండతన్నాను తల్లీ. అరిటిపండుని గుమ్మం తొక్కనివ్వలేదు. ఇంకేటి సెయ్యమంటావు?"

రోజా రాసుకున్నది రెండుసార్లు చదివింది. తప్పు దొరకలేదు. లేవబోతుంటే నీలకంఠం కత్తి అందుకున్నాడు. కంగారేం లేదు, ఉద్దానంలో ఇంటికొచ్చిన మనిషిని కొబ్బరిబొండాం కొట్టివ్వకుండా పంపరు. ఒకటి ఆమె చేతికిచ్చి, ఇంకొకటి తానెత్తాడు. ఆ పేరుగల దేవుడు విషాన్ని గొంతులోనే ఆపాడు. ఈ నీలకంఠం ఏదీ ఆపే రకం కాదు, గటగటా దించేశాడు.

"మావయ్యా, రోజుకెన్ని తాగతావు?"

"తోటలో ఉంటే నాలుగైదు. మంచినీళ్ల బాటిల్ ఎవడు మోత్తాడే?"

"డాక్టరుగారికి సెప్పావా?"

"తాగుడుందా అనడిగారు, లేదన్నాను. బొండాం కూడా సెప్పాలేటి? ఊపిరి పీల్సుకుంతన్నానని సెప్పానా?"

రోజా తన బొండాం కింద పెట్టేసింది. "మంచి కిడ్నీకి ఇది అమృతమే మావయ్యా. నీ కిడ్నీ పొటాషియాన్ని బయటికి నెట్టలేకపోతంది. అరిటిపండు మానేసి, అంతకంత పొటాషియం ఇందులో తాగేత్తన్నావు."

"నాను నాటిన సెట్టు నన్ను సంపుతాదేటి!" అని నవ్వాడు నీలకంఠం. బొడ్డమ్మ ముందుకొచ్చి, "కత్తిటియ్యి మావా," అని లాక్కుంది.

ఆ మూడురోజులూ డాక్టరు చెప్పిన కొలతకు నీళ్లబాటిల్ నింపుకుని తోటకెళ్లాడు. పైన గెలలు ఊగుతుంటే తల ఎత్తకుండా పని చేసుకున్నాడు.

సోమవారం పొటాషియం ఐదుకు దిగింది.

"ఇప్పటికి డయాలసిస్ అక్కర్లేదు," అన్నాడు డాక్టరు. "మందూ తిండీ ఇలాగే సాగితే కిడ్నీని చాన్నాళ్లు కాపాడుకోవచ్చు. బొండాల సంగతి రోజా చెప్పింది. నాకు చెప్పకుండా ఇంకేమైనా తింటున్నావా?"

నీలకంఠం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. పొద్దున్న నమిలిన వేపపుల్లతో మొదలుపెట్టి, గుడిలో పుచ్చుకున్న తీర్థం చుక్కతో సహా వరసగా చెప్పుకుంటూ పోయాడు. మధ్యాహ్నం అన్నం దగ్గరికి వచ్చేసరికి డాక్టరు రెండో కాగితం తీశాడు.