కొమ్ముల కుందేలు పాలు

కర్ర పైకి లేచింది. ఓర్ఫా దాని కింద చెయ్యి అడ్డం పెట్టింది. కుందేలు నెత్తిన పడాల్సిన దెబ్బ ఆమె మణికట్టు మీద పడింది.

"పిచ్చా నీకు? తల పగిలేది!" అని కర్ర పట్టుకున్న వెర్నన్ గావుకేక పెట్టాడు.

 కంచె మూలలో వేలాది కుందేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి పసిపిల్లల్లా కీచుమంటున్నాయి. ఓర్ఫా ఆ కుప్పలోంచి ఒక్కదాన్ని చెవులు పట్టి లాగి ఏప్రన్‌లో చుట్టేసింది. దాని నెత్తి మీద రెండు నల్లటి కొమ్ములున్నాయి.

ఆ వసంతంలో అమెరికాలోని పశ్చిమ కాన్సస్‌లో ప్రతి ఆదివారం ఇదే పని. ప్రార్థన అవగానే ఊరంతా మైళ్ల పొడవున వరస కట్టి, డబ్బాలు వాయించుకుంటూ కుందేళ్లను కంచెలోకి తోలేవారు. తుపాకులు తేకూడదు, మనుషులకే తగులుతాయి. కర్రలే. నాలుగేళ్లుగా వాన లేదు, ఎండిన నేల దుమ్ము తుఫానులై లేస్తోంది. మొలిచిన నాలుగు గోధుమ మొక్కల్ని కుందేళ్లు కొరికేశాయి. గడ్డినేలను వేళ్లతో సహా పెళ్లగించండి, బంగారం పండుతుందని చెప్పి లాభం మూట కట్టుకున్నవాళ్లు పట్నాల్లో క్షేమంగా ఉన్నారు. వాళ్ల మీదికి కర్ర ఎత్తే వీల్లేదు. కుందేళ్లు అందాయి, అందుకని కుందేళ్లను కొట్టారు.

"ఏమ్మా ఓర్ఫా! చచ్చినవాటికి చాలక, మన యోస్టు బతికున్నవాటికి కూడా కొమ్ములంటిస్తున్నాడా ఏంటి?" అని ఎవరో అన్నారు. జనం గొల్లుమన్నారు.

"ఆయన దగ్గరికే పోతున్నా. పాలు పితికిస్తా," అంది ఓర్ఫా.

నవ్వు ఆగిపోయింది. పాలు ఎవరికో అందరికీ తెలుసు.

ఆమె కూతురు లెట్టీకి ఆరేళ్లు. చర్చి కింది గదిలో, చుట్టూ తడిదుప్పట్లు వేలాడదీసిన మంచం మీద పడి ఉంది. దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు నిండిపోయాయి. వచ్చిపోయే డాక్టరు మూడు వారాల కింద ఒక్కటే మాట చెప్పాడు. "దీనికి నా సంచిలో మందు లేదమ్మా. ఈ దుమ్ములోంచి బయటికి తీసుకుపో. పడమటి కొండలకి. ఎంత తొందరగా పోతే అంత మంచిది." మొగుడు పని వెతుక్కుంటూ పోయి ఏడాదయింది, జాడలేదు. అయినా దారి దొరికింది. కొలరాడోకి వలసపోతున్న పక్కింటివాళ్లు ట్రక్కులో పరుపుల మధ్య ఇద్దరికీ చోటిస్తామన్నారు.

ఓర్ఫా ఎక్కలేదు. అప్పటికి ఆమె చేతిలో యోస్టు సీసా ఉంది.

క్లెమ్ యోస్టు కొట్టు బడి పక్కనే. చచ్చిన జంతువుల్లో రంపపుపొట్టు కుక్కి బతికున్నట్టు నిలబెట్టడం వాడి పనితనం. కుందేలు తలకు జింకపిల్ల కొమ్ములు అతికించి అద్దాల్లో పెట్టేవాడు. దారినపోయేవాళ్లు ఆగితే ఇక నోటికి తాళం ఉండదు. రాత్రి పశువుల కాపర్లు మంట దగ్గర పాడితే కొమ్ముల కుందేలు చీకట్లోంచి అదే గొంతుతో అందుకుంటుందట. ఉరుములు ఉరిమినప్పుడే జతకడుతుందట. వెల్లకిలా నిద్రపోయినప్పుడు పాలు పితకాలట, ఆ పాలకు తగ్గని రోగం లేదట. ఊళ్లోవాళ్లకిదంతా కుందేటి కొమ్మేనని తెలుసు. ముందు నవ్వారు. తర్వాత దుమ్ము వచ్చింది, యోస్టు సీసాల మీద కాగితాలంటించాడు, నవ్వినవాళ్లే కొన్నారు. ఊపిరాడనివాడు నిజమేదో అబద్ధమేదో తూకం వేస్తూ కూర్చోడు.

మొదటి సీసాకు లెట్టీ లేచి కూర్చుంది. గంజి అడిగింది. ఆ కాస్త చూసే ట్రక్కును పోనిచ్చింది ఓర్ఫా. మొన్న బుధవారం ఆఖరి సీసా అయిపోయింది. యోస్టు చేతులెత్తేశాడు. "సరుకు లేదమ్మా. ఈ ఏడు ఉరుముల్లేవు కదా, కుందేళ్లు ఈనలేదు." అప్పటినుంచి ఆమె కళ్లు మూతపడలేదు.

ఇప్పుడు ఏప్రన్‌లో కుందేలుతో కొట్టులోకి దూసుకొచ్చింది. వెనకే కంచె దగ్గరి జనం వచ్చారు. చేతుల్లో కర్రలకు నెత్తురింకా ఆరలేదు.

"యోస్టు గారూ, ఆడదాన్నే తెచ్చాను. పితకండి."

యోస్టు తలెత్తి చూసి నవ్వాడు. "వెర్నన్‌గాడి పనా ఇది? బంక బాగానే పెట్టాడే."

"పితకండి. పిల్ల పెదాలు నీలంగా మారుతున్నాయి."

యోస్టు కుందేలును బల్ల మీద పెట్టించుకుని, ఎక్కడ తీగ కట్టారో, ఎక్కడ అతుకు పడిందో అని కొమ్ము మొదట్లో వేలు పెట్టి వెతికాడు. వెతికినకొద్దీ ముఖం వాడిపోయింది. అతుకు లేదు. కొమ్ము ఎముకలోంచి రాలేదు, చర్మంలోంచి మొలిచింది. వేలితో నెడితే చర్మంతో పాటే జరుగుతోంది. గోరు తగిలితే మాడిన రొట్టె అంచులా పొడి రాలుతోంది. మూతి చుట్టూ ఇంకో నాలుగు మొలిచి పళ్లకు అడ్డం పడ్డాయి. దాని పక్కటెముకలు బయటినుంచే లెక్కపెట్టొచ్చు. ఇరవై ఏళ్లుగా కొమ్ములతికిస్తున్న మనిషి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

జనంలోంచి ముసలి హైరమ్ ముందుకొచ్చాడు. అరవై ఏళ్లుగా ఆ మైదానంలో వేటాడుతున్న మనిషి.

"భయపడకు, దెయ్యమేం కాదు. ఇట్లాంటివి నేను చూశా, మా నాయనా చూశాడు. రోగం ఇది. ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది. చర్మం మొద్దుబారి కొమ్మై పెరుగుద్ది, నోటికి అడ్డమొస్తే తిండి లేక చస్తుంది. వెనకటికెవడో దీన్ని దూరంనుంచి చూసి కథ కట్టాడు. నువ్వా కథకి బిరడా బిగించి అమ్ముకున్నావు."

"తాతా, రోగం సంగతి నాకొద్దు," అంది ఓర్ఫా. "పాలు పితకమను."

"దీనికి పాలు లేవమ్మా," అన్నాడు యోస్టు. పొట్ట కింద బొచ్చు పక్కకు తీసి చూపించాడు. "ఎండిపోయింది."

"అయితే పాలున్నదాన్ని తెస్తా. ఎట్లా ఉంటుందో చెప్పండి. కంచెలో ఇంకా వేలున్నాయి."

యోస్టు దాని బొచ్చు మళ్లీ సరిచేశాడు.

"పెద్దోళ్ల పిల్లలకి దాచారా? నాలుగు చుక్కలు చాలు. మీ కొట్టు ఊడుస్తా. మీ బట్టలుతుకుతా. ఏం కావాలో చెప్పండి, చేస్తా!"

ఆమె మోకాళ్ల మీద కూలబడింది. అది చూడలేకనో, వెనక కర్రల్ని చూసో, యోస్టు వెనకగది తలుపు తెరిచాడు. నేల మీద డబ్బాపాల ఖాళీ డబ్బాలు. పంచదార సంచి. కర్పూరం.

"ఇదేనమ్మా సీసాలో ఉన్నది. పాలు ఎప్పుడూ లేవు. నవ్వులాటకి మొదలెట్టా... అందరికీ తెలుసనుకున్నా."

ఓర్ఫా ఆ డబ్బాల వంక చూస్తూ ఉండిపోయింది. పిల్ల లేచి కూర్చుంది పంచదారకి. రెండు రోజుల పంచదారకి. ఆ రెండు రోజుల్లో ట్రక్కు వెళ్లిపోయింది.

"మా అమ్మకి ఆరు సీసాలు పట్టించానురా," అన్నాడు వెర్నన్. వాళ్లమ్మను పూడ్చిపెట్టి పదిరోజులైంది. కర్ర పైకెత్తి బల్ల మీదుగా వచ్చాడు. వెనక మరో నలుగురు. ఒక కుందేలు తల అద్దంతో సహా పగిలి కింద పడింది. యోస్టు గోడకు అతుక్కుపోయాడు.

ఓర్ఫా లేచి ఇద్దరి మధ్య నిలబడింది.

"తప్పుకో ఓర్ఫా! ఈ దొంగ మీద జాలా నీకు?"

"జాలా? నా కూతురు లేచాక వీణ్ని నేనే చంపుతా. ఇప్పుడు వీడి చేతులు నాకు కావాలి. ఊళ్లో నడిచే కారు వీడిదొక్కటే, నాకు నడపడం రాదు. చెయ్యి విరక్కొట్టావో, నా పిల్లని నువ్వు చంపినట్టు!"

కర్ర గాలిలోనే ఆగింది.  వెర్నన్ దాన్ని దించాడు.

"ఉత్తరాన నల్లగా లేస్తోంది, చూశావా?" అన్నాడు యోస్టు. "తుఫానులో కారు ఆగిపోద్ది. పెట్రోలు పాతిక మైళ్లకి కూడా లేదు. దారిలోనే అందరం..."

"నువ్వు నోర్ముయ్యి," అంది ఓర్ఫా. ఇరవై ఏళ్లలో వాణ్ని ఆమె నువ్వు అనడం అదే మొదలు. "ఇన్నాళ్లు నీ మాటే విన్నాం. కారు బయటికి తియ్యి."

పెట్రోలు ఊరు పోగేసింది. బంకులో లేదు, పాడైపోయి దొడ్లో పడున్న ట్రాక్టర్లలోంచి, కదలని లారీల్లోంచి గొట్టంతో పీల్చి, కిరసనాయిలు డబ్బాల్లో తెచ్చారు. ఇంతసేపూ చంపడానికి ఎత్తిన చేతులే అవి. వెర్నన్ కారు వెనక నేలకు రాసుకునేలా ఇనుప గొలుసు కట్టాడు, దుమ్ములో పుట్టే కరెంటుకు ఇంజను ఆగిపోకుండా. ఆడవాళ్లు దుప్పట్లు తడిపి కిటికీలకు కుక్కారు. హైరమ్ ఆ కుందేలును పెరట్లోకి తీసుకెళ్లి, ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు.

లెట్టీని ఎత్తుకొచ్చి కారులో ఓర్ఫా ఒళ్లో పెట్టారు. గడ్డిబొమ్మంత బరువు కూడా లేదు.

"అమ్మా, పాలు?"

"పాల్లేవు తల్లీ. గాలి కోసం పోతున్నాం."

పది మైళ్లు దాటేసరికి నల్లటి గోడ వచ్చి మీద పడింది. పట్టపగలు చీకటైంది. యోస్టు తలుపు తెరిచి, రోడ్డు అంచు కనపడేలా తల బయటికి వేలాడేసి, మనిషి నడకంత మెల్లగా పోనిచ్చాడు. రెండుసార్లు ఆపాడు. రెండుసార్లూ ఓర్ఫా వాడి మెడ మీద చెయ్యి వేసింది.  మళ్లీ కదిలాడు. లెట్టీ దగ్గితే నోట్లోంచి బురద వచ్చింది. ఓర్ఫా వేలితో తీసి తన గౌనుకు తుడుచుకుంది. ఊపిరి ఆగిందనుకున్న ప్రతిసారీ పిల్ల ముక్కు దగ్గర చెంప పెట్టింది.

అర్ధరాత్రికి దుమ్ము పలచబడి, కారు జోరందుకుంది. తెల్లారేటప్పటికి ఎదురుగా కొండలు, వాటి మీద మంచు. కొండ కింది ఊరి ఆసుపత్రిలో డాక్టరు పిల్ల వీపు మీద చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"కొన్ని వారాల ముందు తెచ్చుంటే..."

"ఆ సంగతి నాకు తెలుసు. ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి."

డాక్టరు ఆమెను ఒకసారి చూసి, కిటికీలన్నీ తెరిపించాడు. మంచం చుట్టూ ఆవిరిగిన్నెలు పెట్టించాడు. "ఈ రోజు, ఈ రాత్రి దాటితే ఆశ ఉంది. మాటివ్వలేను," అన్నాడు.

గుమ్మం దగ్గర యోస్టు టోపీ చేతుల్లో నలుపుకుంటూ నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా వాచి, ముఖమంతా మట్టి. "నేనిక వెళ్లనా?"

ఓర్ఫా మంచం పక్కనున్న పీటను కాలితో వాడి వైపు తోసింది.

"కూర్చో. దాని ఊపిరి విను. నేను వింటున్నా, నువ్వూ విను."

యోస్టు కూర్చున్నాడు. ఇసుక జల్లెడ పట్టినట్టు ఒక ఊపిరి వచ్చింది. చాలాసేపు ఏమీ రాలేదు. ఇద్దరూ ముందుకు వంగారు. ఇంకోటి వచ్చింది.