ఎనిమిదో గుంతకు నూట యాభై

గోల్ఫ్ మైదానంలో ఏ రాయి నుంచి ఏ జెండాకు ఎన్ని గజాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడని, ఆటగాళ్ల సంచులు మోసే క్యాడీలంతా అతన్ని టేపన్న అనేవాళ్లు. నోటి లెక్క కంటే ముందు అతని చేతి దురుసు అందరికీ తెలుసు. కాదన్నవాడి చెంప వాచేది.

ఆరేళ్ల కిందట అలా కాదన్నవాడు సొంత తమ్ముడే. ఎనిమిదో గుంత దగ్గర, తెల్లరాయి నుంచి జెండా చుట్టూ నున్నగా గడ్డి పెంచిన గ్రీన్ అంచుకు నూట యాభై కాదు, నూట ముప్పై ఎనిమిది అన్నాడు. అదీ ఆటగాళ్ల ముందు! టేపన్న సంచిలోంచి ఇనుప కర్ర లాగి తమ్ముడి మోకాలి మీద రెండు దెబ్బలు వేశాడు. చిప్ప పగిలింది. సంచి మోసే పనికి ఆ కాలు పనికిరాకుండా పోయింది. అప్పటినుంచి తమ్ముడు గడ్డి కోసే బండి తోలుకుంటున్నాడు, అన్నతో మాటల్లేవు. ఆ కుంటి నడక కంటబడ్డప్పుడల్లా టేపన్న మొహం తిప్పుకునేవాడు. తప్పు వాడిదే, నా లెక్కే సరైంది అని తనకు తానే నచ్చజెప్పుకునేవాడు. ఆ ఒక్క అంకె మీదే బతుకుతున్నాడు పాపం, పెద్దమనిషి.

క్లబ్బువాళ్లు ఆటగాళ్లకు చేతిలో పట్టే, దూరం చూపే జీపీఎస్ పరికరాలు కొనాలనుకున్నారు. ముందు ఒకదాన్ని పరీక్షించమని ఒకాయన్ని పిలిపించారు. ఆట లేని రోజున ఆయన అరచేతంత పరికరమూ, నేలమీద తోసుకుంటూ పోతే దూరం లెక్కపెట్టే చక్రమూ పట్టుకొచ్చాడు. ఆయన కాగితంలో మూడు గడులు: క్యాడీగా టేపన్న చెప్పింది, పరికరం చూపింది, చక్రం కొలిచింది.

ఏడు గుంతలదాకా టేపన్నకు, చక్రానికి గజం తేడా రాలేదు. పరికరమే రెండుచోట్ల తడబడింది.

"మీరుండగా ఇదెందుకండీ వీళ్లకి!" అన్నాడు పరీక్షకుడు.

వెనకాల వస్తున్న క్యాడీలు నవ్వారు. టేపన్న మాత్రం నవ్వలేదు. ఎనిమిదో గుంత వచ్చేసింది. గ్రీన్ పక్కనే తమ్ముడు బండి ఆపి చూస్తున్నాడు.

"నూట యాభై," అన్నాడు టేపన్న, అక్కడిదాకా వినపడేలా.

పరీక్షకుడు తెల్లరాయి మీద నిలబడి, ఉపగ్రహాల సిగ్నల్ అందేదాకా ఆగి, తెర చూశాడు. నూట ముప్పై ఏడు. ఆపేసి మళ్లీ వేశాడు. నూట ముప్పై ఏడే. చక్రం తోసుకుంటూ గ్రీన్ అంచుదాకా వెళ్లొచ్చాడు.

"నూట ముప్పై ఎనిమిది," అని రాసుకున్నాడు. "పరికరం ఒక్క గజమే తేడా. పర్లేదు. మీదే బాగా తప్పిందండీ."

"చక్రం జారింది. మళ్లీ కొలువు."

"రెండుసార్లు కొలిచాను కదండీ. ఆ ముందు భాగంలో గడ్డి వేరేగా ఉంది చూడండి, గ్రీన్‌ని ఎప్పుడో ముందుకు పెంచినట్టున్నారు."

టేపన్న పరికరం లాక్కుని తెల్లరాయికేసి కొట్టాడు. తెర పగిలింది. అడ్డొచ్చిన పరీక్షకుడి మూతి మీద గుద్దాడు. ఆయన పెదవి చిట్లి, కాగితం నిండా రక్తం కారింది. అయినా టేపన్న వదల్లేదు. కాలర్ పట్టుకుని కింద పడేసి, "రాసుకో! నూట యాభై అని రాసుకో!" అని అరుస్తూ తన్నాడు.

తమ్ముడు కుంటుతూనే పరిగెత్తుకొచ్చాడు. వెనకనుంచి అన్న మెడ పట్టి వెనక్కి విరిచి పడేసి, రొమ్ము మీద కూర్చున్నాడు. ఆరేళ్లు అణచిపెట్టిన కసి అంతా పిడికిళ్లలోకి వచ్చింది. ముక్కు విరిగిన చప్పుడైంది. టేపన్న మొహం రక్తపు ముద్దయింది. మొదట అతను చేతులు అడ్డం పెట్టుకున్నాడు, తరవాత అదీ మానేశాడు.

పదిమంది క్యాడీలు చుట్టూ నిలబడ్డారు. పరీక్షకుణ్ణి లేపి కూర్చోబెట్టారు గానీ టేపన్న కోసం ఒక్కడూ అడుగు ముందుకు వెయ్యలేదు. దెబ్బలకంటే అదే అతనికి ఎక్కువ తగిలింది.

చెయ్యి నొప్పెట్టి తమ్ముడే లేచాడు. బండి వైపు నడిచాడు.

టేపన్న మోచేతుల మీద లేచి నోట్లో రక్తం ఉమ్మాడు. "ఎంతమందికి తెలుసురా?"

ఉన్నవాళ్లలో ముసలి క్యాడీ జవాబిచ్చాడు.

"అందరికీ తెలుసు. ఏడేళ్ల కిందట నువ్వు కామెర్లొచ్చి రెండు నెలలు మంచం పట్టావు చూడు, అప్పుడే గ్రీన్ పెంచారు. ఆటగాళ్ల చెవిలో నూట ముప్పై ఎనిమిది అని చెప్పేవాళ్లం. నీ ముందు నూట యాభై అనేవాళ్లం. మా పళ్లు మాకు కావాలి కదయ్యా."

"ఇన్నేళ్లూ ఒక్కడైనా నాకు చెప్పలేదేంరా!" అన్నాడు టేపన్న.

ముసలివాడు అతనికేసి జాలిగా చూశాడు.

"చెప్పాడు కదయ్యా ఒకడు."